అవ్వ పెట్టిన బొట్లు

ఆ శుక్రవారం పొద్దున ధర్మవరం పట్టుచీరల వ్యాపారి నాగేశ్వర వేసుకున్న పథకం చాలా చిన్నది. మంచి ఘడియలో కొత్త షాపులో దీపం పెట్టాలి, పెళ్ళివారితో బోణీ చేయాలి, కడుపునిండా ఓళిగలు తినాలి, సాయంత్రానికల్లా ఊరంతా తన షాపు గురించే మాట్లాడుకోవాలి. వీటిలో చివరిది మాత్రం సాయంత్రం దాకా ఆగలేదు.

షాపుకు తల్లి పేరే పెట్టుకున్నాడు, నాగలక్ష్మమ్మ సిల్క్స్ అని. కింద గల్లాపెట్టె, పైన రెండు అంతస్తులు. పై అంతస్తుల్లో గోడంత టీవీలు, మూలమూలకూ స్పీకర్లు, కౌంటరు మీద మైకు, దాని నెత్తిన కెమెరా. పెళ్ళి బట్టలకు బండెడు మంది వస్తే ముందు వరసలో కూర్చున్నవాళ్ళకే చీర కనబడుతుందనీ, వెనకవాళ్ళు ఆ కడుపుమంటతోనే ప్రతి చీరకూ వంక పెడతారనీ నాగేశ్వర సిద్ధాంతం. ఇప్పుడు కౌంటరు మీద కొంగు పరిస్తే గోడ మీద మంచమంత కనబడుతుంది. సేల్స్‌మన్ కొండప్ప వర్ణన చివరి వరసకూ వినబడుతుంది. గల్లా దగ్గర కూడా ఒక మైకు, ఒక కెమెరా ఉన్నాయి. బయట రోడ్డుకు ఎదురుగా ఇంకో పెద్ద టీవీ, రెండు స్పీకర్లు పెట్టారు. వాటిలో సన్నాయి మోగుతూ చీరల బొమ్మలు తిరగాలని ఏర్పాటు.

ఈ హంగంతా కూతురు మౌనికది. అనంతపురంలో ఎలక్ట్రానిక్స్ చదివింది. టీవీలనూ మైకులనూ కెమెరాలనూ నెట్‌వర్కు వైర్లతో ఒక పెట్టెకు కలిపి, దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్‌ను ట్యాబ్‌లో పెట్టింది. తెర మీద గళ్ళు ఉంటాయి. పక్కన 'ఎక్కడి నుంచి', పైన 'ఎక్కడికి' అని తెలుగులోనే రాసింది. రెండూ కలిసే గడిని వేలితో ముడితే చాలు, అక్కడి బొమ్మా మాటా ఇక్కడికి వచ్చేస్తాయి. ఇంకో గడి ముడితే పాతది పోయి కొత్తది వస్తుంది. పరాయివాళ్ళు వేలు పెట్టకుండా ఆ ఒక్క ట్యాబ్ మాట తప్ప పెట్టె ఇంకెవరి మాటా విననట్లు తాళం కూడా వేసింది. తండ్రి పెట్టిన పందెం అలాంటిది మరి.

"ఇది సరిగ్గా నడిచిందనుకో, ఈ షాపు గల్లా నీదే. నువ్వే కూచో," అన్నాడు నాగేశ్వర. "తేడా వచ్చిందో, మీ మామ చూసిన బెంగళూరు ఉద్యోగానికి నోరెత్తకుండా పోతావు."

మౌనికకు బెంగళూరు వద్దు. పట్టు వాసనలో, బేరాల గోలలో పెరిగిన పిల్ల. ఊహ తెలిసినప్పటి నుంచి ఆమెకు కావలసింది ఆ గల్లా వెనక కుర్చీ ఒక్కటే. ఆ కుర్చీ కోసం వారం రోజులు తిండి మీద ధ్యాస లేకుండా పనిచేసింది. నిన్న సాయంత్రం అన్నీ సరిచూసుకుంది. ఒక్క తప్పు లేదు.

తప్పు పొద్దున పూజ రూపంలో వచ్చింది.

నాగలక్ష్మమ్మ వయసులో మగ్గం నేసిన మనిషి. కొత్త పడుగు ఎక్కించిన రోజు మగ్గానికి బొట్లు పెట్టి దీపం వెలిగిస్తే, పొద్దు మునిగే దాకా మగ్గం ఆగకూడదు, పోగు తెగకూడదు, పెట్టిన బొట్టు చెరగకూడదు. అది వాళ్ళ ఇంటి ఆచారం. పెట్టె వెనక గుత్తులుగా వేలాడుతున్న నీలం వైర్లను ఆమె చాలా సేపు చూసింది.

"ఇది గూడా పడుగేనప్పా. పోగులు ఎన్ని ఉండాయో చూడు," అంది కొడుకుతో.

"అవునమ్మా, అంతే," అన్నాడు నాగేశ్వర. తల్లి మాటకు అడ్డు చెప్పడం అతనికి అలవాటు లేదు.

మౌనిక ట్యాబ్‌ను గల్లా పక్కన పూజ పీట మీద పెట్టి టెంకాయ తేవడానికి వెళ్ళింది. నాగలక్ష్మమ్మ పసుపు, కుంకుమ చిక్కగా కలుపుకుని తెర వైపు చూసింది. గళ్ళు గళ్ళుగా ఉంది. ఒక గడికి బొట్టు పెట్టి పక్క గడికి పెట్టకపోతే పక్షపాతం కాదా? వరసగా ఒక్కో గడికీ ఒక్కో బొట్టు, గట్టిగా అదిమి మరీ పెట్టింది. పెట్టిన ప్రతి బొట్టునూ సాఫ్ట్‌వేర్ ఆజ్ఞగా తీసుకుని నోరు మూసుకుని పాటించింది.

మౌనిక టెంకాయతో తిరిగొచ్చి తెర చూసింది. "అవ్వా! ఏం చేసినావు?"

"అన్నిటికీ పెట్టినాలే పాపా. ఒక్కదాన్నీ ఇడ్సలేదు."

మౌనిక చేతిరుమాలు తీసింది. అవ్వ ఆ చెయ్యి మీద ఒక్కటిచ్చింది. "బొట్టు తుడుస్తావా? దీపం ఎదురుంగా?"

"పోనీ పెట్టె ఒక్క నిమిషం ఆపి మళ్ళీ వేస్తా అవ్వా."

"పొద్దు మునిగే దాకా ఆపేదే లేదు."

"ఒక్క వైరు పీకుతా."

"పోగు తెంపుతావా! నా కండ్ల ముందర!"

మౌనిక తండ్రి వైపు చూసింది. తండ్రి టెంకాయ వైపు చూశాడు. అవ్వ అటు తిరగ్గానే మౌనిక బొట్ల సందుల్లో వేలు దూర్చి చూసింది గానీ, పసుపు పిడచకట్టిన తెర ఉలకలేదు, పలకలేదు.

ఇప్పుడు ఎక్కడి మాట ఎక్కడికి పోతున్నదో ఆ షాపులో ఎవరికీ తెలియదు. పాఠకులకు చెప్పేస్తే నష్టం లేదు. మొదటి అంతస్తులో జరిగేది రెండో అంతస్తు టీవీలో వస్తున్నది. రెండో అంతస్తులో జరిగేది మొదటి అంతస్తులో వస్తున్నది. గల్లా దగ్గర అనే ప్రతి మాటా, బొమ్మతో సహా, రోడ్డు మీద.

అంతలోనే పెళ్ళివారు దిగారు. గుంతకల్లు నుంచి పెళ్ళికొడుకు తల్లి లక్ష్మీదేవి, రైల్వే గార్డు గారి భార్య, కోడలికి ముహూర్తం చీర కొనడానికి వచ్చింది. గుమ్మఘట్ట వైపు నుంచి పెళ్ళికూతురు తల్లి జ్యోతిలక్ష్మి, వియ్యపురాలికి పెట్టాల్సిన చీర కొనడానికి వచ్చింది. ఇద్దరి వెనకా చెరొక మంద. వియ్యపురాళ్ళను ఒకే కౌంటరు ముందు కూర్చోబెట్టకూడదన్నది పాత వ్యాపార సూత్రం. అందుకని నాగేశ్వర లక్ష్మీదేవిని మొదటి అంతస్తుకూ, జ్యోతిలక్ష్మిని ఇంకో సేల్స్‌మన్ ఉన్న రెండో అంతస్తుకూ పంపాడు.

మొదటి అంతస్తులో కొండప్ప ఎర్ర చీర పరిచాడు. గోడ మీద మాత్రం ఆకుపచ్చ చీర కనబడింది. దాని వెనక జ్యోతిలక్ష్మి కనబడింది. స్పీకర్లలో ఆమె గొంతు ఖణేల్మంది.

"వియ్యపురాలికి ఇది చాల్లే తీయప్పా. ఆయమ్మకు ఏం కట్టినా ఒకటే. నిశ్చితార్థం నాడు చూడలేదా, అంత పట్టుచీర కట్టుకోని గూడా రైలుకు జెండా ఊపేదానికి వచ్చినట్లు నిలబడింది."

గుంతకల్లు మందలో ఎవరో కిసుక్కుమన్నారు. లక్ష్మీదేవి ముఖం కొండప్ప చేతిలోని చీర రంగుకు వచ్చింది.

"ఇన్నారా అక్కా? కొండప్పా, ఆ ఎర్ర చీర మడ్చి పెట్టు. తల్లి నోరే ఇట్లుంటే పిల్ల నోరు ఎట్లుంటాదో! ఆ పిల్లకు నేత చీరెందుకు, నోటికి తాళం కొనిస్తా."

ఈ మాట రెండో అంతస్తు గోడంతా పరుచుకుని పలికింది. జ్యోతిలక్ష్మి ఆకుపచ్చ చీర వదిలేసి టీవీకి ఎదురు తిరిగింది. "ఏం వదినా, మా పిల్లనేనా అంటాండేది?"

"నిన్నే అంటాండా, నీ పిల్లను గూడా అంటాండా!"

గోడలకు చెవులుంటాయని పెద్దలన్నారు. నోళ్ళు కూడా ఉంటాయని వాళ్ళకు తెలియదు పాపం. కోపంలో ఉన్న మనిషి గోడతో కూడా పోట్లాడగలదు కాబట్టి, టీవీ జవాబు చెప్పడం ఇద్దరిలో ఎవరికీ వింత అనిపించలేదు.

"కొండప్పా, ఆయమ్మ ముట్టుకున్న దానికంటే మంచిది తీ! గుంతకల్లోళ్ళంటే ఏందో చూపిస్తా!"

"దుడ్లు మాకూ ఉండాయి! ఆ బీరువా మొత్తం కింద పెట్టప్పా!"

రెండు కౌంటర్ల మీదా చీరలు గుట్టలు పడ్డాయి. చివరికి లక్ష్మీదేవి ఓర్చుకోలేక, ముఖాముఖి తేల్చుకుందామని లిఫ్టు ఎక్కింది. అదే క్షణంలో జ్యోతిలక్ష్మి మెట్లు దిగింది. లక్ష్మీదేవి రెండో అంతస్తుకు చేరి చూస్తే జ్యోతిలక్ష్మి లేదు, గోడ మీద టీవీలో ఉంది. జ్యోతిలక్ష్మి మొదటి అంతస్తుకు చేరి చూస్తే లక్ష్మీదేవి లేదు, ఆమె కూడా టీవీలోనే ఉంది.

"భయపడి పారిపోయినావా?" అన్నారు ఇద్దరూ ఒకేసారి.

మళ్ళీ ఒకరు లిఫ్టు, ఒకరు మెట్లు. మళ్ళీ అదే కథ. వెనక మందలు కూడా ఎటు పరిగెత్తాలో తెలియక మెట్ల మీద ఒకరినొకరు దాటుకుంటూ, దాటేటప్పుడు మర్యాదగా "బాగుండారా" అని పలకరించుకుంటూ తిరుగుతున్నారు. కొండప్ప చేతిలో కొలబద్దతో సహా గల్లా దగ్గరికి దూకాడు.

"అన్నా, ఆ అంతస్తు మాటలు ఈ అంతస్తు టీవీలో వినబడి పైన కొంప మునిగేటట్లుండాది! పెళ్ళి పెటాకులయ్యేటట్లుండాది!"

నాగేశ్వర అద్దాల తలుపు లోంచి రోడ్డు వైపు చూస్తున్నాడు. బయట ఆటోలు ఆగిపోయాయి. పూలమ్మే ఆడవాళ్ళు బుట్టలు దించి తలెత్తి నిలబడ్డారు. జనం చూస్తుండగానే రెట్టింపయ్యారు. అతను మురిసిపోయి రెండు చేతులూ జోడించాడు. జనం ఈలలు వేశారు.

"చూడు కొండప్పా, తెరిచిన దినమే ఎట్ల ఇరగబడినారో! ఇంగ పైన కొట్లాటంటావా, కొట్లాడుకోనీ. పంతానికి పోయినోళ్ళు ధర అడగరు. పోయిన ఆషాఢంలో మిగిలిన చీరలు ఉండాయి కదా, ఎవరూ ముట్టనివి? అవి తీ ఇప్పుడు. నిన్ననే మగ్గం దిగినాయని చెప్పు."

"నాయనా, తప్పు," అంది మౌనిక. "వాళ్ళ కొట్లాట నా పెట్టె వల్ల వచ్చింది. ఒక పిల్ల పెళ్ళి చెడిపోతాది. నేను పోయి ఇద్దరికీ నిజం చెప్తా."

"చెప్పినావంటే గల్లా మర్చిపో."

 మౌనిక ఆ కుర్చీ వైపు ఒకసారి చూసింది. ఏడుపు వచ్చింది, ఆపుకుంది. "మర్చిపోతా. బెంగళూరికే పోతా. పాత చీర కొత్తదని చెప్పి అంటగట్టే గల్లా నాకొద్దు నాయనా."

బయట జనం ఒక్కసారిగా చప్పట్లు కొట్టారు. నాగేశ్వర మళ్ళీ నమస్కారం పెట్టాడు.

గల్లా దగ్గర ఈ మాటలు మొదలైనప్పుడే వియ్యపురాళ్ళిద్దరూ లిఫ్టు మీద నమ్మకం పోయి మెట్ల దారి పట్టారు. ఒకరు పైకి, ఒకరు కిందికి. మెట్ల మలుపులో ఢీకొన్నారు. ఇద్దరూ చీర కుచ్చిళ్ళు దోపి, చెయ్యెత్తి, నోరు తెరిచారు. పక్కనే రోడ్డు వైపు కిటికీ తెరిచి ఉంది. దాని కిందే స్పీకర్లు. నాగేశ్వర మాటలు ఒక్క అక్షరం పొల్లు పోకుండా వాళ్ళ చెవిన పడ్డాయి. మౌనిక మాటలూ పడ్డాయి. ఎత్తిన చేతులు మెల్లగా దిగాయి.

తర్వాత వాళ్ళిద్దరూ అక్కడ ఏం మాట్లాడుకున్నారో ఈ కథ చెబుతున్నవాడికి కూడా తెలియదు. షాపు మొత్తం మీద మైకు లేని చోటు అదొక్కటే. పరిగెత్తుకుంటూ పైకెక్కుతున్న మౌనికకు మాత్రం ఇద్దరూ చెయ్యీ చెయ్యీ పట్టుకుని ఎదురొచ్చారు. ఆమె నోరు తెరిచేలోపే జ్యోతిలక్ష్మి ఆమె భుజం మీద చెయ్యి వేసి కిందికి నడిపించింది.

"ఏమప్పా నాగేశ్వరా," అంది లక్ష్మీదేవి, "నిన్న మగ్గం దిగిన చీరలు యాడ ఉండాయి?"

నాగేశ్వర తెల్లబోయాడు. "మీకెట్ల తెలిసిందక్కా?"

"మాకేంది, ఊరికంతా తెలుసు. బయటికి పోయి చూడు."

నాగేశ్వర బయటికి వెళ్ళి తలెత్తి చూశాడు. పెద్ద టీవీలో అతని గల్లాపెట్టె, అతని ఖాళీ కుర్చీ, పక్కనే వెలుగుతున్న అమ్మ దీపం కనబడ్డాయి. ఒక ఆటో డ్రైవరు జాలిగా జరిగి చోటిచ్చాడు. అందరితో పాటు నిలబడి చూస్తుండగానే టీవీలో వియ్యపురాళ్ళిద్దరూ మౌనికను చెరొక పక్కా పట్టుకుని ఆ కుర్చీలో కూర్చోబెట్టారు. స్పీకర్లలో జ్యోతిలక్ష్మి గొంతు రోడ్డంతా మోగింది.

"ఈ పాప ఈడ కూచుంటేనే మేము చీరలు కొనేది. లేకుంటే ఎదురు షాపుకి పోతాం. వదినా, నీ చీర నువ్వే ఏరుకో. ఆ జెండా మాట మర్చిపో."

"నువ్వు తాళం మాట మర్చిపో."

రోడ్డంతా ఈలలు, చప్పట్లు. నాగేశ్వర లోపలికి పరిగెత్తాడు. పీట ముందు కూర్చుని అంతా చూస్తున్న తల్లి దగ్గర వాలిపోయాడు.

"అమ్మా, నువ్వన్నా చెప్పు. ఆ పిల్లను లేవమను."

నాగలక్ష్మమ్మ వత్తి ఎగదోసింది. "నేనెట్ల చెప్తానప్పా? దీపం ఎదురుంగా కూచున్న మనిషిని పొద్దు మునిగే దాకా లేపకూడదు."

పొద్దు మునిగింది. అవ్వే తడిగుడ్డతో బొట్లు తుడిచి ట్యాబ్‌ను మనవరాలి చేతికిచ్చింది. మౌనిక కుర్చీలోంచి కదలకుండానే ఎక్కడి మాటను అక్కడికి పంపేసింది. మర్నాడు షాపు తెరవగానే వచ్చిన జనమంతా "ఆ నిజం చెప్పిన పాప యాడ" అనే అడిగారు. దాంతో ఆ కుర్చీ సంగతి ఇంకెవరూ ఎత్తలేదు.

ఇప్పుడు నాగేశ్వరకు కొండప్పతో రహస్యం మాట్లాడాల్సి వస్తే మెట్ల మలుపులోకి తీసుకుపోతాడు. అక్కడికి కూడా ఒక పోగు లాగమని నాగలక్ష్మమ్మ మనవరాలికి ఎప్పుడో చెప్పేసింది.