ఇసక మీద శాలువా

కళింగపట్నం బీచిలో కూటమి సభ జరిగే రోజు పొద్దున ఎర్రన్నకు అప్పగించిన పని చిన్నదే. అతను పెద్ద పార్టీకి గ్రామ కన్వీనరు. కూటమికి తోకలా వేలాడే శంఖదళం కుర్రాళ్ళను చూసుకోవాలి. వాళ్ళ బైకులు రోడ్డంతా నిండాలి, వాళ్ళ కేకలు ఊరంతా వినబడాలి. వాళ్ళు మాత్రం వేదిక ఫొటోల్లో పడకూడదు. ఈమధ్యే మాంసం మైలంటూ కోడిమాంసం కొట్లు మూయించి పేపర్లకెక్కారు కాబట్టి పెద్ద పార్టీ నాయకుడు పృథ్వీరాజ్‌కు భయం.

ఎర్రన్న వేదిక వెనక, చేపలు ఎండబెట్టే ఇసక పక్కన వాళ్ళకు వేరే షామియానా వేయించాడు. ఆ ఇసక మీద పరిచిన టార్పాలిన్‌పై అతని అక్క బుల్లమ్మ నెత్తళ్ళ చేపలు ఎండుతున్నాయి. మొగుణ్ణి సముద్రం తీసుకుపోయాక ఆవిడకున్న ఆధారం అవే. మర్నాడు చీపురుపల్లి సంతకు వెళ్ళాలి.

"నీ మాట మీద ఒగ్గేస్తన్నాన్రా. తడిసాయంటే నా బతుకు తడిసినట్టే."

"నానుండగా నీకేటి బయమప్పా."

దళం వచ్చింది. వేదిక మీదికి పిలవలేదని దళపతి శివాజీ అలిగాడు. బైకులు వెనక్కి తిప్పుతామన్నాడు. ఎర్రన్న కంగారుగా ఫోన్ చేస్తే, అక్కడే ఓ శాలువా కప్పెయ్యమన్నాడు పృథ్వీరాజ్. ఇందులో తన చెయ్యి మాత్రం కనబడకూడదన్నాడు.

ఎర్రన్న శాలువా విప్పాడు. ఎవడో ఫోన్లో లైవ్ పెట్టాడు. శివాజీ ముక్కు మూసుకున్నాడు.

"ఈ సేపల కంపులో సన్మానమేటి? ముందు పసుపునీళ్ళు సల్లించాల."

మామిడాకుతో నాలుగు చుక్కలే కదా అనుకున్నాడు ఎర్రన్న. "సల్లుకోండి బావూ, దానికేటి," అన్నాడు.

కుర్రాళ్ళు సభకు తెచ్చిన మంచినీళ్ళ ట్యాంకరు తోలుకొచ్చారు. వెంట తెచ్చుకున్న పసుపు పొట్లాలన్నీ అందులో పోసి గొట్టం విప్పారు. నెత్తళ్ళు ఈత మొదలెట్టినట్టు కదిలాయి. చేపలెండబెట్టే ఆడవాళ్ళు చీపుళ్ళెత్తి వాళ్ళ మీదికి వచ్చారు. జనమంతా తమాషా చూడటానికి వెనక్కి పరిగెత్తారు. పచ్చటి నీళ్ళు వేదిక కిందికి పారి, అప్పుడే వచ్చి మెట్లెక్కబోతున్న పృథ్వీరాజ్ తెల్ల బూట్లను పావనం చేశాయి.

ఆయన మైకందుకుని, శంఖదళంతో తమకు ఏ సంబంధమూ లేదని ప్రకటించాడు. ఆ మాటకు కుర్రాళ్ళు బైకులెక్కి వెళ్ళిపోయారు. వేదిక ముందు ఖాళీ ఇసక మిగిలింది. కెమెరాలు దాన్నే చూపిస్తున్నాయి. పృథ్వీరాజ్ శివాజీని బతిమాలి రప్పించి, వేదికెక్కించి, పార్టీ కండువా కప్పేశాడు. ఇక శివాజీ సొంత మనిషి. సొంత మనిషి తప్పు చెయ్యడు. మరి చేపలెవరు తడిపించారు? లైవ్‌లో 'సల్లుకోండి' అన్న గొంతు ఎర్రన్నది. కూటమిలో చిచ్చు పెట్టే అరాచకశక్తి అని పేరు పెట్టి అక్కడికక్కడే అతన్ని సస్పెండ్ చేశారు.

ఎర్రన్న అక్క దగ్గరికి వెళ్ళి తలొంచుకు నిలబడ్డాడు. ఆవిడ తడి టార్పాలిన్ ఒక కొస అతని చేతికిచ్చింది.

మర్నాడు నెత్తళ్ళు సంతకు కాక కోళ్ళ మేతకు పోయాయి. విలేకర్లను వెంటేసుకుని, కొత్త కండువాతో శివాజీ బుల్లమ్మను ఓదార్చడానికి ఆవిడ ఇంటికి వచ్చాడు.

"నీకన్నాయం సేసినోడ్ని మా పార్టీ ఒగ్గేసింది తల్లీ."

"ఆడు మా తమ్ముడు బాబూ," అంది బుల్లమ్మ. "నానొగ్గలేను."

అలవాటుకొద్దీ ఎర్రన్న లోపల్నించి కుర్చీ తెచ్చి, తుడిచి, శివాజీకి వేశాడు.