అడుగు తగ్గిన హెడ్ క్లర్కు

ఆ ఉదయం హెడ్ క్లర్కు పథకం చాలా చిన్నది: ఆఫీసుకు వెళ్లడం, నర్సు ఎదుట నడుం కొలిపించుకోవడం, చప్పట్లు అందుకోవడం. రెండేళ్లుగా ఆఫీసు ఆరోగ్య సంఘానికి ఆయనే అధ్యక్షుడు. బరువు యంత్రం ఎక్కితే ముల్లు ఎప్పుడూ ఉండాల్సిన చోటే ఆగుతుంది కనుక, కనబడినవాళ్లందరికీ క్లాసు పీకేవాడు. బొద్దుగా ఉండే టైపిస్టునైతే లిఫ్టు కూడా ఎక్కనివ్వలేదు.

ఈసారి నర్సు బరువు చూడనంది. కాళ్లూ చేతులూ పుల్లల్లా ఉన్నా, పొట్టలో చేరిన కొవ్వే గుండెకు చేటట. ఎవరి ఎత్తుకు సరిపడా తాడు వాళ్లు తెచ్చుకోవాలి. సగానికి మడిచి నడుం చుట్టూ తిప్పితే కొసలు కలవాలి.

ఇంట్లో గోడకు ఆనుకుని నిలబడితే భార్య తాడు కొలిచి కత్తిరించింది. మడిచి చుట్టుకుంటే కొసల మధ్య నాలుగు వేళ్ల ఖాళీ!

"ఛ, ఈ తాడు బాగాలేదే," అన్నాడు, ఆడలేక మద్దెల ఓడన్నట్టు.

"తాడు బాగానే ఉందండీ. పొట్టే పెరిగింది."

కొంప మునిగిందనుకున్నాడు. ఇన్నాళ్ల ఉపన్యాసాలూ గుర్తొచ్చి చెమటలు పట్టాయి. ఇంతలో ఆరడుగులు దాటిన బావమరిది ఆవలిస్తూ వచ్చాడు.

"ఒరేయ్, కాస్త ఈ గోడకు ఆనుకో."

"ఎందుకు బావా?"

"పెద్దవాళ్లు చెబితే వినాలి!"

బావమరిది తాడు హాయిగా సరిపోయింది. ఆఫీసులో చప్పట్లు మోగాయి. హెడ్ క్లర్కు రెండు ముక్కలు మాట్లాడబోతుండగా, నర్సు తాడు విప్పి ఒక కొస ఆయన నడినెత్తిన పెట్టి వదిలింది. రెండో కొస అడుగు పొడవున నేలమీద పడింది.

"సార్, ఇది మీ తాడేనా?"

"నాదే! పొద్దున ఇంత ఎత్తే ఉన్నాను," అనేశాడు. అన్నాక నాలుక కరుచుకున్నాడు.

నర్సు నవ్వలేదు. "మూడు గంటల్లో అడుగు తగ్గారంటే వెన్నుపూసలు కుంగిపోయుంటాయి. కదలకండి. ఎవరైనా స్ట్రెచర్ తెండి!"

అయ్యో, అబద్ధమని చెబితే పరువు పోతుంది, చెప్పకపోతే ఆస్పత్రి! కక్కలేక మింగలేక పడుకున్నాడు. లిఫ్టులో స్ట్రెచర్ పట్టలేదు. నాలుగంతస్తుల మెట్లూ ముందు కొస టైపిస్టే పట్టుకుని దించింది.

"రోజూ ఎక్కి దిగుతున్నా కదా సార్, అలవాటైపోయింది. మీరు భయపడకండి," అందావిడ, ఆయాసమన్నది లేకుండా.

ఆ మాటకు హెడ్ క్లర్కు కళ్లు మూసుకున్నాడు. సిగ్గుతో చచ్చిపోతున్నాడని ఎవరికీ తెలియలేదు, వెన్నునొప్పి అనుకున్నారు.

ఆస్పత్రిలో రక్తం తీశారు. గంట తర్వాత డాక్టరు వచ్చాడు.

"డాక్టరుగారూ, నిజం చెప్పేస్తాను, నా వెన్ను..."

"మీ వెన్నుకేం కాలేదని నర్సు చీటీ రాసి పంపింది. 'మామూలుగా పిలిస్తే ఈయన రాడు, చక్కెర చూడండి' అని కూడా రాసింది. చూశాం. చాలా ఎక్కువగా ఉంది. ఇంకో ఏడాది ఇలాగే తిరిగుంటే గుండె మీదికొచ్చేది."

హెడ్ క్లర్కు ఇంత భయం జన్మలో ఎరగడు.

మర్నాడు అందరి ముందూ తాడు సంగతి విప్పి చెప్పి, అధ్యక్ష పదవికి రాజీనామా ఇచ్చాడు. సంఘం ఒప్పుకోలేదు. కాకపోతే ఇప్పుడు ఉపన్యాసం టైపిస్టు ఇస్తుంది, అధ్యక్షుడు పక్కన ఉదాహరణగా నిలబడతాడు.