నాటు ఈగను తరిమి బాగుపడిన మా బామ్మర్ది

తేనెటీగలు పోతే ప్రపంచం మునిగిపోతుందని టీవీలో ఎవరెవరో కళ్ళు తుడుచుకుంటుంటారు. అబద్ధం! మా సోమందేపల్లె పక్కన మా బామ్మర్ది లక్ష్మీపతి చేన్లో అవి ఎప్పుడో పోయినాయి. ప్రపంచం ఎట్లుండేది అట్లే ఉండాది. పైగా ఎంత అభివృద్ధి జరిగిందో వినండి.

మావాడు ఆదర్శ రైతు. డ్రిప్పు, మల్చింగ్ షీటు, ఎండలో కూడా పచ్చగా పాకే కర్బూజ తీగలు. అంతటి చేనుకు ఒకటే దిష్టి. పక్క చేను హేమ.

ఈ హేమ పెనుకొండలో కాలేజీ పిల్లలకు జంతుశాస్త్రం చెప్తాది. చెప్పుకొని ఇంట్లో కూర్చోవచ్చు కదా? కూర్చోదు! గుట్టల్లో రాతి సందుల్లో, రోడ్డు వెడల్పు కోసం కూల్చే పాత గోడల్లో ఉండే నాటు తేనెటీగలను గూడుతో సహా తెచ్చి, చెక్కపెట్టెల్లో పెట్టి, గట్టు మీద వరసగా కాపురం పెట్టించింది.

"ఇవి మన నేలవి అన్నా. ఈ ఎండకు, ఈ కరువుకు తట్టుకునేవి. ఇవి పోతే మళ్ళీ యాడ తెస్తాం?" అనేది.

మన నేలవంట! అదేం గొప్పండీ? నాటుకోడి కూరకు లొట్టలేస్తాం. నాటు ఆవుకు బొట్టు పెడతాం. నాటు తేనె అంటే అడిగినంత ఇచ్చి సీసా తెచ్చుకుంటాం. ఇంక నాటు ఈగకు కూడా మర్యాద చేయాలంటే మనకు తీరికెక్కడిది?

ఒకరోజు మావాణ్ణి ఇంటర్వ్యూ చేయడానికి యూట్యూబ్ ఛానెలోళ్ళు వచ్చినారు. కొత్త చొక్కా వేసుకొని, తీగల మధ్య నిలబడి, సెంటు కొట్టుకొని మరీ నోరు తెరిచినాడు. సెంటు నచ్చలేదో ఏమో, ఒక ఈగ పెదవి మీద కుట్టింది. వీడియోలో వ్యవసాయం గురించి ఒక్కరూ అడగలేదు. కామెంట్లన్నీ మూతి గురించే!

ఆ వారమే మందు కొట్టేదానికి డ్రోన్ తెప్పించినాడు. హేమ కాలేజీ చీరలోనే గట్టు మీద పరిగెత్తుకొచ్చింది.

"అన్నా, పొద్దున పూలు విచ్చుకొని ఉంటాయి. ఈగలన్నీ పూలమీదే ఉండాయి. కొట్టాల్సిందే అంటే సాయంత్రం కొట్టుకో."

"డ్రోనాయన పొద్దున్నే ఖాళీ హేమా. నీ ఈగలకే చెప్పు, సాయంత్రం రమ్మని."

ఏమి సమయస్ఫూర్తి! నేను పక్కనే ఉండి చప్పట్లు కొట్టినా.

మధ్యాహ్నానికి పెట్టెల ముందర ఈగలు కుప్పలుగా పడినాయి. కొన్ని ఇంకా కాళ్ళు ఆడిస్తా ఉన్నాయి. హేమ కింద కూర్చొని వాటిని చేత్తో ఎత్తి పక్కన పెడతా పోయింది. ఒక్క తిట్టు తిట్టి ఉన్నా బాగుండు, మావాడు జవాబు తయారు చేసుకొని ఉన్నాడు. చివరకు ఒక్క పెట్టెలోనే ప్రాణం మిగిలింది. దాన్ని ఆటోలో ఒళ్ళో పెట్టుకొని కొత్తచెరువులో పుట్టింటికి తీసుకుపోయింది.

అప్పటినుంచి చేన్లో ఎంత ప్రశాంతత! గుయ్ మనే సొద లేదు. పూలు పూస్తాయి, రాలిపోతాయి. మళ్ళీ పూస్తాయి, మళ్ళీ రాలిపోతాయి. పిందె అనే బరువు లేక తీగలు హాయిగా పెరిగినాయి.

ఉపాధి సంగతి చెప్పనే లేదు! మగపువ్వు తెంపి ఆడపువ్వుకు అద్దేదానికి కూలోళ్ళు కావలసి వచ్చినారు. తిప్పమ్మ తన జట్టుతో దిగి, నడుం మీద చెయ్యి పెట్టుకొని పకపకా నవ్వింది.

"ఏమప్పా లక్ష్మీపతీ, పూలకు పెండ్లిండ్లు చేసేది గూడా మాకే వచ్చెనా? భోజనాలు యాడప్పా?"

ఈగలు ఇన్నాళ్ళూ ఈ ఉద్యోగాలన్నీ కొట్టేసినాయని ఎవరైనా గుర్తించినారా?

అంతటితో ఆగలేదు. ఎక్కడినుంచో ఫారిన్ జాతి ఈగల పెట్టెలు బాడుగకు తెప్పించినాడు. విదేశీ అతిథులు కదా! వాటికి షేడ్‌నెట్ వేసి, తాగేదానికి చక్కెర నీళ్ళు పెట్టి, తడి గోనెపట్టాలు కప్పినాడు. తిప్పమ్మ జట్టు మాత్రం ఎండలోనే. అతిథులు చక్కెర నీళ్ళు తాగి, మా ఎండను ఒకసారి చూసి, నీడలోనే ఉండిపోయినారు.

చివరికి కాయలు కాసినాయి. ఒకపక్క ఉబ్బి, ఒకపక్క పీక్కుపోయి. కొనేదానికి వచ్చిన వ్యాపారి ఒకటి చేతిలో తిప్పి చూసి, "ఇది కర్బూజనా అన్నా, సొరకాయనా?" అని అడిగి బండెక్కినాడు.

ఆ సాయంత్రం మావాడు అన్నం తినలేదు. మరుసటి రోజు బైకేసుకొని ఎటో పోయినాడు. ఎటు పోయినాడంటారు? కొత్తచెరువు! హేమ పుట్టింటోళ్ళ చేనుకు ఆనుకొని ఉండే చేనును కౌలుకు తీసుకున్నాడు. లోకంలో మనుషులు బస్టాండ్ పక్కన సైటు కొంటారు, రోడ్డు పక్కన కొంటారు. ఈగల పక్కన భూమి పట్టినోడు మావాడొక్కడే!

హేమ గట్టు మీదకొచ్చి చూసింది. ఆ ఒక్క పెట్టె ఈపాటికి నాలుగైంది.

"ఈడికి గూడా వచ్చినావా అన్నా?" అంది.

మావాడు తల ఎత్తలేదు. "నీ దగ్గరికి కాదులే తల్లీ," అన్నాడు.

మొన్న నేను చూసేదానికి పోయినా. పొద్దునపూట, పూలన్నీ విచ్చుకొని ఉండాయి. అవతలి చేను ఓబులేష్ మందు ట్యాంకు వీపుకు తగిలించుకొని దిగినాడు. చూస్తాండగానే మా ఆదర్శ రైతు తువ్వాలు ఊపుకుంటా, ముళ్ళకంపలు తొక్కుకుంటా పరిగెత్తి అడ్డం నిలబడినాడు.

"ఇప్పుడొద్దప్పా! సాయంత్రం కొట్టు. నేనూ వచ్చి సాయం పడతా!"

"నీకేమప్పా నొప్పి? ఈగలు నీవా?" అన్నాడు ఓబులేష్.

"నావి కాదు," అన్నాడు మావాడు ఆయాసపడతా. "నేనే వాటి కౌలుదారుని."

ఓబులేష్ వాణ్ణి ఎగాదిగా చూసి, ట్యాంకు కిందికి దించినాడు.

కాబట్టి పాఠకులారా, నా మాట వినండి. మీ ఊర్లో ఇంకా నాటు తేనెటీగలు మిగిలి ఉంటే అస్సలు ఆలస్యం చేయద్దు, తరిమేయండి! అభివృద్ధి చెందండి! తరిమేటప్పుడు మాత్రం కొంచెం కొత్తచెరువు దారి చూపించండి. గట్టు మీద ఇంకా చోటుంది.