కారు నమ్మిన తాళం

తాళం దొంగల కోసం పుట్టిందని లోకంలో ఒక అపోహ ఉంది. దొంగకి తాళంతో పనేముంది? తాళమన్నది సొంతదారు ఓర్పును పరీక్షించడానికి నాగరికత ఏర్పాటు చేసుకున్న శాశ్వత సంస్థ. ఈ మధ్య ఆ సంస్థ కార్లలో చిప్పు రూపం దాల్చింది. (తాళంలో చిప్పు ఉండటం వేరు, మన చేతికి చిప్ప రావడం వేరు. అయితే మొదటిది రెండోదానికి దారి.)

ఈ సంస్థతో మా బావగారికి సంబంధం కలిసింది అక్క మోకాలి వల్ల. ఆయన అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దుతారు. అక్కకి మోకాలి ఆపరేషన్ అయింది. రోజూ మధ్యాహ్నం కాళ్ళకి వ్యాయామం చేయించే ఆవిడ దగ్గరికి వెళ్ళాలి. వాళ్ళుండేది మూడో అంతస్తులో, కారుండేది ఎండలో. మొదటి రోజు అక్క కర్ర పక్కన పెట్టి సీటులో కూర్చుంది. మరుక్షణం ఆపరేషన్ సంగతే మరిచిపోయి లేచి నిలబడింది.

"ఏమండీ, మోకాలు బాగయ్యేలోపు మిగతాది కాలిపోయేట్టుంది" అంది.

బావగారు మనసులో పెట్టుకున్నారు. పైనుంచి మీట నొక్కితే కింద కారు దానంతటదే స్టార్టయ్యే ఏర్పాటొకటి ఉందని ఎక్కడో విన్నారు. ఏసీ నడుస్తుంది. అక్క లిఫ్టులో దిగేసరికి లోపల చల్లబడి ఉంటుంది. దాన్ని రిమోట్ స్టార్టర్ అంటారని తెలుసుకుని, నన్ను వెంటబెట్టుకుని కార్ల ఎలక్ట్రీషియన్ దగ్గరికి వెళ్ళారు.

"పెట్టడానికేముంది సార్, పెట్టేస్తాను" అన్నాడు ఎలక్ట్రీషియన్. "కానీ మీ తాళంలో చిప్పుంది. అది దగ్గరుంటేనే ఇంజను లేస్తుంది. దొంగలకి దొరక్కుండా చేసిన ఏర్పాటు."

"మరి నేను పైన ఉంటాను కదయ్యా."

"పైన ఉన్నంతసేపూ దాని లెక్కలో మీరూ దొంగే సార్."

దీనికి విరుగుడు కూడా అతనే చెప్పాడు. ఈ కారుకి ఉన్న పద్ధతి ఒక్కటే. రెండో తాళాన్ని చిన్న డబ్బాలో పెట్టి డాష్‌బోర్డు వెనక దాచేయాలి. మీట నొక్కగానే ఆ డబ్బా 'ఈయన మనవాడే, పోనీ' అని కారుకి సిఫారసు చేస్తుంది. అంటే, దొంగలెత్తుకుపోకుండా తయారుచేసిన తాళాన్ని కారులోనే వదిలి రావాలన్న మాట. (ఇంతకన్నా భద్రమైన చోటు దొంగకీ తట్టదని శాస్త్రజ్ఞుల నమ్మకం కావచ్చు.)

చిక్కేమిటంటే, బావగారి దగ్గరున్నది ఒక్కటే తాళం. కారు పాతది కొన్నారు. కాబట్టి కంపెనీ సర్వీసు సెంటరుకి వెళ్ళాం. అక్కడ అద్దాల గదిలో తాళాల గుర్తింపు అధికారి కూర్చుని ఉన్నారు. టై కట్టుకున్నారు. గొంతు కూడా టై కట్టుకున్నట్టే ఉంది.

"కొత్త తాళాన్ని కారు నమ్మాలంటే పాత తాళాలు రెండూ పక్కనుండి సాక్ష్యం చెప్పాలండీ. రెండూ తెస్తే మూడోది చేసిస్తాం."

"రెండుంటే మూడోదెందుకండీ?"

"అందుకే ఎవరూ అడగరు. ఈ విభాగం మీద ఇంతవరకూ ఒక్క ఫిర్యాదూ లేదు."

"ఒక్కటే ఉన్నవాళ్ళ సంగతేమిటి?"

"వాళ్ళు రెండోది తెచ్చుకుని, అప్పుడు రెండోది కావాలని అడగాలి."

బావగారికి ఇందులో తప్పేమీ కనిపించలేదు. వాక్యం సరిగ్గానే ఉంది, కర్తా కర్మా క్రియా అన్నీ ఉన్నాయి. నమస్కారం పెట్టి బయటికి వచ్చారు.

ఇక మిగిలింది కారు అమ్మినాయన. ఆయన రిటైరైన లెక్కల మాస్టారు. చూపు తగ్గిందని కూతురు గట్టిగా పట్టుబడితే కారు అమ్మేశారు. మేం వెళ్ళేసరికి వరండాలో కూర్చుని ఉన్నారు. రెండో తాళం ఆయన చొక్కా జేబులో, కళ్ళజోడు పక్కనే ఉంది.

"కారిచ్చేశాను కదా నాయనా, తాళం కూడా అడుగుతావేం?" అన్నారు.

బావగారు కుర్చీ అంచుకి జరిగారు.

"ఇది జేబులో ఉంటే, వెళ్ళాలనిపిస్తే వెళ్ళొచ్చు కదా అనిపిస్తుంది. వెళ్ళననుకో" అన్నారు మాస్టారు.

ఆ మాట విని బావగారు నమస్కారం పెట్టారు. లేవబోతుంటే నేనే అక్క మోకాలి సంగతి చెప్పాను. మాస్టారు తాళాన్ని వేళ్ళతో తడిమారు.

"అమ్మాయి మోకాలికా? ఆ ముక్క ముందే చెప్పొద్దూ" అని చెప్పులు వేసుకున్నారు. "నేనూ వస్తాను. దీన్ని ఎక్కడ పెడతారో చూడాలి."

ఎలక్ట్రీషియన్ డాష్‌బోర్డు విప్పుతున్నంతసేపూ మాస్టారు స్టూలు మీద కూర్చుని, ఆపరేషన్ గది బయట చుట్టంలా తొంగిచూస్తూనే ఉన్నారు. డబ్బా మూత పెట్టే ముందు తాళాన్ని ఒకసారి అడిగి తీసుకుని, చొక్కా అంచుతో తుడిచి ఇచ్చారు. పని పూర్తయ్యాక బావగారు మీట ఆయన చేతిలోనే పెట్టారు. మాస్టారు రోడ్డుకి అవతల నిలబడి నొక్కారు. కారు ఒక క్షణం ఆలోచించింది. దీపాలు వెలిగించి ఆర్పింది. తర్వాత బుద్ధిగా స్టార్టయింది.

"ఇంత దూరం నుంచి నా మాట విన్నది. దగ్గరున్నప్పుడే వినేది కాదు" అన్నారు మాస్టారు.

మర్నాడు మధ్యాహ్నం అక్క కారెక్కి, "చల్లగా ఉందండీ" అంది. బావగారు దారి పొడవునా ఆ మాటే నెమరువేసుకున్నారు.

మామూలు మనిషైతే అక్కడితో ఆగేవాడు. ప్రూఫులు దిద్దే మనిషి కాబట్టి, కారులో జరిగిన మార్పును బీమా కంపెనీకి తెలియజేశారు. (ఎవరూ అడగని నిజాన్ని చెప్పేవారి కోసం కంపెనీలు ప్రత్యేక సిబ్బందిని పోషిస్తాయి.) వారం తిరక్కుండా పరిశీలకుడొకాయన వచ్చారు. కారు చుట్టూ తిరిగి, మీట నొక్కమన్నారు. కారు స్టార్టయింది. లోపలికి వంగి చూశారు.

"ఇంజను నడుస్తోంది. డ్రైవరు సీటులో ఎవరూ లేరు" అన్నారు.

"అవునండీ, దాని పనే అది" అన్నారు బావగారు, కాస్త గర్వంగా.

"స్టార్టు చేసినప్పుడు సీటులో ఎవరుంటే వారి లైసెన్సు నకలు జతచేయాలండీ. నిబంధన అది."

"ఎవరూ లేరు కదండీ."

"అలాగైతే ఎవరూ లేనివారి లైసెన్సు నకలు జతచేయండి. అది వచ్చేదాకా బండి కదపకూడదు."

పరిశీలకుడు నవ్వుతారేమోనని చూశాను. ఆయన నవ్వలేదు. బావగారూ నవ్వలేదు. లైసెన్సుల ఆఫీసులో అలాంటి దరఖాస్తు తీసుకుంటారా అని నేను అనుమానపడ్డాను. తీసుకున్నారు. ఫొటో మాత్రం ఖాళీ సీటుది కాకుండా, స్పష్టంగా ఎవరూ లేనిది తెమ్మన్నారు.

బండి కదలకూడదు కాబట్టి అక్క గొడుగు పట్టుకుని, నీడ చూసుకుంటూ, నాలుగడుగులకోసారి ఆగుతూ నడిచే వెళ్ళడం మొదలుపెట్టింది. మాస్టారు సాయంగా వచ్చేవారు. చూపు తక్కువాయన నడక తక్కువావిడకి దారి చూపిస్తుంటే, అవతలివాళ్ళే తప్పుకునేవారు. కొన్నాళ్ళకి కర్ర ఇంట్లో ఉండిపోయింది. వ్యాయామం చేయించే ఆవిడ మోకాలు వంచి చూసి, "కారులో వచ్చినవాళ్ళెవరికీ ఇంత తొందరగా తగ్గలేదండీ. మీవారిది ముందుచూపు" అందట.

ఆ కబురు మోసుకుని నేను లైసెన్సుల ఆఫీసుకి వెళ్ళాను. బావగారు క్యూలో నిలబడి ఉన్నారు.

"అక్కకి తగ్గిపోయింది బావా. ఇక కారు అవసరం లేదంటోంది. ఇంటికి పోదాం పద" అన్నాను.

"తగ్గితే మంచిదే" అన్నారాయన, ముందున్నవారి వీపు మీంచి చూపు తిప్పకుండా. "కానీ ఇప్పుడు వెళ్ళిపోతే, మళ్ళీ కావాల్సొచ్చినప్పుడు మొదట్నించీ నిలబడాలి కదా."

క్యూలో ఉన్నవాళ్ళంతా అవునన్నట్టు తలూపి, నన్ను వెనక్కి వెళ్ళి నిలబడమన్నారు.