సాలీడు పేరు మారిన ఆదివారం

ఆ ఆదివారం ఉదయం తూనికలూ కొలతల ఇన్‌స్పెక్టరు గారు చేయదలచుకున్న పని ఒక్కటే. గాజుపెట్టె మీది పాత చీటీ పీకేసి కొత్త చీటీ అంటించడం. కాఫీ చల్లారేలోపు అయిపోతుందని ఆయన నమ్మకం. నమ్మకాలకు ఆయన దగ్గర ఏనాడూ కొరత లేదు. కొట్లో తూకపురాయి గ్రాము తగ్గినా పట్టేసే మనిషి, సొంత ఇంట్లో తప్పు పేరు పెట్టుకుని ఎలా ఊరుకుంటారు?

పెట్టెలో ఉన్నది అరచేయంత సాలీడు, టరాంటులా జాతిది. ఒళ్ళంతా ఉంగరాల జుట్టు, ఒకరి జోలికి పోని స్వభావం. ఇంటికి వచ్చినప్పటి నుంచీ దాని శాస్త్రీయ నామం బ్రాకిపెల్మా ఆల్బోపిలోసమ్. అయితే శాస్త్రజ్ఞులు కూర్చుని, ఇది ఆ కుటుంబం పిల్ల కాదని తేల్చి, వేరు కాపురం పెట్టించారు. అలా అది ట్లిల్టోకాట్ల్ ఆల్బోపిలోసస్ అయింది. సాలీళ్ళు పెంచేవాళ్ళ సంఘంలో దీని మీద ఏళ్ళ తరబడి గొడవ. పాత పేరు వాళ్ళు కొత్త పేరు వాళ్ళ పుట్టినరోజులకు కూడా శుభాకాంక్షలు చెప్పడం మానేశారు. ఇన్‌స్పెక్టరు గారు ఉభయుల వాదనలూ చదివి, తూచి, చివరికి ఈ వారమే కొత్త పేరు వైపు మొగ్గారు.

“ఇవాళే ఎందుకండీ? కాసేపట్లో ఫ్లాట్ల సెక్రటరీ గారు తనిఖీకి వస్తున్నారు కదా. ఆయన వెళ్ళాక అంటించుకోండి,” అంది భార్య.

“తప్పు పేరుతో తనిఖీకి కూర్చోబెట్టమంటావా? రేపు ఏ మొహం పెట్టుకుని కొట్లవాళ్ళని అడగను?”

“మీ మొహం మీ ఇష్టం. దాన్ని పంపించేయమంటే మాత్రం నా దగ్గరికొచ్చి కూర్చోకండి.”

ఆవిడ భయంలో అర్థముంది. ఫ్లాట్ల సంఘం నానా మాటలూ అని, ఆఖరికి ఒకే ఒక్క సాలీడుకు, అదీ బ్రాకిపెల్మా అనే పేరు గలదానికి మాత్రమే అనుమతి ఇచ్చింది. ఏటా తనిఖీ. తేడా వస్తే అదే రోజు బయటికి. ఇన్‌స్పెక్టరు గారు ఏ కొట్లో అడుగుపెట్టినా ఎదుటివాళ్ళ మొహాలు మాడిపోతాయి. సాయంత్రం ఇంటికొచ్చేసరికి మొహం మాడ్చని ప్రాణి అదొక్కటే. దానికి మొహం సరిగ్గా కనిపించదన్నది వేరే సంగతి. అది లేకపోతే ఆయనకు ఇల్లు బోసిపోతుంది.

సెక్రటరీ గారు రిటైరైన స్టేషన్ మాస్టరు. వచ్చీ రాగానే పెట్టె ముందు వంగి, చీటీని కూడబలుక్కుంటూ చదివారు.

“ఇదేమిటండీ, వేరే పేరుంది?”

“పేరే మారింది సార్. సాలీడు అదే.”

“నా సర్వీసంతా స్టేషన్లలోనే గడిచింది. బండి నంబరు మారిందంటే బండి మారినట్టే. పాతదేది?”

“ఇదే పాతది.”

“మరి ఈ కొత్త పేరుది?”

“అదీ ఇదే.”

సెక్రటరీ గారు మెల్లగా వెనక్కి జరిగారు. “అంటే రెండున్నాయి. కనిపిస్తున్నది ఒకటి.”

ఆయన గుమ్మం దాటకముందే ఫ్లాట్లన్నిటికీ ఫోన్లలో కబురు వెళ్ళింది: పాత సాలీడు తప్పిపోయింది, అనుమతి లేని కొత్తది దిగింది, అందరూ జాగ్రత్త. ఇక చూడాలి. మొదటి అంతస్తులో సోఫాను మెట్ల మీదికి ఈడ్చారు. దాంతో పైవాళ్ళు కిందికి దిగలేక, సాలీడు మెట్లకు అడ్డంగా ఉందని చెప్పుకున్నారు. వాచ్‌మన్ చీపురు పట్టుకుని లిఫ్టులో దూరి, అందులోనే ఇరుక్కుపోయాడు. లిఫ్టు ఆగింది కాబట్టి సాలీడు లిఫ్టు తీగల్లో ఉందన్నారు. ఎదురింటాయన వరండా పొడుగునా పురుగుల మందు కొట్టించాడు.

ఆ వాసన తగలగానే ఇన్‌స్పెక్టరు గారి భార్య తడి తువ్వాలు తెచ్చి తలుపు సందులో కుక్కింది. “అది పీలిస్తే చచ్చిపోతుందండీ! అలా నిలబడతారేంటి, ఆ కిటికీ తెరవండి!”

“కంగారు పడకు. తెలిసినవాళ్ళు ఒక్క మాట చెబితే తేలిపోతుంది,” అంటూ ఆయన సాలీళ్ళ సంఘంలో ఇద్దరికి ఫోన్ చేశారు. ఒకరు గడియారాలు బాగుచేసే పెద్దాయన, ఇంకొకరు పశువుల డాక్టరమ్మ. ఇద్దరూ సోఫా ఎక్కి దిగి, ఆయాసపడుతూ వచ్చారు. వాళ్ళ వెనకే సెక్రటరీ గారూ, ఆయన వెనక సగం బిల్డింగూ.

“ఈ సాలీడు దాని చిన్నప్పటి నుంచీ నాకు తెలుసు. ఇది బ్రాకిపెల్మా,” అన్నారు పెద్దాయన. ఇన్‌స్పెక్టరు గారి ఛాతీ ఉబ్బింది. “నేను పోయేదాకా బ్రాకిపెల్మానే. ఎవరో బల్ల ముందు కూర్చుని మార్చేస్తే, నా ఇంట్లో పెట్టెలన్నిటికీ నేను చీటీలు మార్చుకుంటూ కూర్చోవాలా?”

“మీరు ఒప్పుకోకపోతే సైన్సు ఆగుతుందా బాబాయ్?” అని లేచింది డాక్టరమ్మ. “ఇది ట్లిల్టోకాట్ల్. బ్రాకిపెల్మా వేరు, ఇది వేరు!”

“విన్నారుగా! అది వేరు, ఇది వేరు అని మీ సాక్షే చెబుతోంది,” అన్నారు సెక్రటరీ గారు. “సాయంత్రంలోగా దీన్ని పంపించేయండి. రెండోదాన్ని వెతికి దాన్నీ పంపించేయండి.”

భార్య గాజుపెట్టె మీద చెయ్యి వేసి నిలబడింది. ఇన్నాళ్ళూ దాన్ని ‘మీ పురుగు’ అనే తప్ప మరో మాట అనని మనిషి. ఆయన వెళ్ళి ఆవిడ పక్కన నిలబడ్డారు.

అంతలో కింది ఫ్లాటు నుంచి కేక వినిపించింది. కాసేపటికి ఆ ఫ్లాటు పిన్నిగారు చేట చాచిపట్టుకుని, మొహం పక్కకు తిప్పుకుని పైకి వచ్చారు. “ఆరేసిన దిండు గలీబుల్లో పడుంది. ఉలుకూ లేదు, పలుకూ లేదు.”

చేటలో ఎనిమిది కాళ్ళు, ఉంగరాల జుట్టు, కోరలతో సహా అంతా ఉంది.

చూడగానే ఇన్‌స్పెక్టరు గారికి అర్థమైంది. సాలీడు ఎదిగినప్పుడల్లా పాత చర్మాన్ని చొక్కా విప్పినట్టు నిండుగా విడిచేస్తుంది. పోయిన వారం విడిచిన చర్మాన్ని ఆయనే బాల్కనీ గోడ మీద ఆరబెట్టి మరిచిపోయారు. గాలి దాన్ని కిందికి చేర్చింది.

“అయ్యో, ఇది...” అని ఆయన నోరు తెరిచారు. భార్య ఆయన కాలు తొక్కింది.

పెద్దాయన జేబులోంచి గడియారాల భూతద్దం తీసి కంటికి తగిలించుకుని చేట మీదికి వంగారు. చాలాసేపు చూశారు. లేచి, బరువుగా నిట్టూర్చారు. “ఇదేనండీ బ్రాకిపెల్మా.”

“పోయిందా?” అన్నారు పిన్నిగారు.

“ఇందులో ప్రాణం లేదమ్మా.”

అందరూ డాక్టరమ్మ వైపు తిరిగారు. ఆవిడ చేటనూ, పెట్టెనూ, పెట్టె మీది చేతినీ చూసింది. “బాబాయ్ చెప్పింది నిజం. ఇది బ్రాకిపెల్మా. లోపలున్నది ట్లిల్టోకాట్ల్.” ఏళ్ళ తరబడి కొట్టుకున్న ఆ ఇద్దరూ ఒక్క మాట మీదికి రావడం అదే మొదటిసారి.

“అంటే ఒకటి వెళ్ళింది, ఒకటి వచ్చింది. లైను క్లియర్!” సెక్రటరీ గారి మొహం వెలిగింది. “అనుమతి ఒక్కదానికి, ఉన్నది ఒక్కటి. కొత్త పేరు మీదికి మార్చేద్దాం. ఏమంటారు ఇన్‌స్పెక్టరు గారూ?”

ఇన్‌స్పెక్టరు గారు జీవితంలో తప్పుడు తూకాన్ని పోనిచ్చిన మనిషి కాదు. లోపల గింజుకున్నారు. చర్మం విడిచిననాటికి పెట్టె మీద ఉన్నది పాత పేరే కదా, కాబట్టి పోయింది బ్రాకిపెల్మా అనడంలో అబద్ధమెంత, నిజమెంత అని తూచుకున్నారు. ముల్లు అటూ ఇటూ ఊగి, పెట్టె వైపు ఆగింది.

“నేను చెప్పడానికేముందండీ,” అన్నారు తల వంచుకుని.

ఆ తల వంపుకు అందరి మనసూ కరిగింది. పిన్నిగారు ఆయన భార్య భుజం తట్టి, “ఊరుకోమ్మా, మన చేతుల్లో ఏముంది,” అన్నారు. పురుగుల మందుకు మండుతున్న కళ్ళను ఆవిడ తువ్వాలుతో ఒత్తుకుంది. దాంతో ఎదురింటాయన క్షమాపణ కూడా చెప్పుకున్నాడు.

అందరూ వెళ్ళిపోయాక ఇన్‌స్పెక్టరు గారు కుర్చీలో కూలబడ్డారు. భార్య గాజుపెట్టెను వేలితో మెల్లగా నిమిరింది. “ఇది మళ్ళీ ఎప్పుడు చర్మం విడుస్తుందండీ?”

“ఏడాదికో, ఏడాదిన్నరకో.”

“అయితే ఆ శాస్త్రజ్ఞులకు ఓ ముక్క రాసి పడేయండి, ఈసారి పేరు మార్చాలనుకుంటే అప్పటిదాకా ఆగమని.”