వీలునామా జబ్బు

ఆ బుధవారం పొద్దున పూర్ణచంద్రరావు వేసుకున్న పథకంలో వంక పెట్టడానికేమీ లేదు. ఎనిమిది గంటల పాసింజరుకి రేపల్లెలో ఎక్కాలి, తెనాలిలో దిగాలి, రిజిస్ట్రారు ఆఫీసులో పని చూసుకోవాలి, హోటల్లో భోంచేయాలి, పొద్దుగూకేలోగా ఇంటికి చేరాలి. భార్య సుబ్బరత్నమ్మకి మాత్రం కళ్ళజోడు మార్పించుకు వస్తానని చెప్పాడు. పనిలో పనిగా అదీ మార్పిస్తే అబద్ధం కాదు కదా అని మనసుకి సర్దిచెప్పుకున్నాడు.

అసలు పని వీలునామా. పిల్లలు లేని ఆయనకి పన్నెండెకరాల పొలం ఉంది. అందులో రోడ్డు పక్కనున్న రెండెకరాల మెరకని, తన తదనంతరం, ఊళ్ళోని పేదపిల్లల బడికి రాయాలని ఆయన సంకల్పం. దీనికి మూలం ఆ బడి వార్షికోత్సవం. బడికి ఓ గంట కొనిచ్చినందుకు రైసుమిల్లు యజమానికి మోకాళ్ళదాకా దిగే దండ వేశారు. పూర్ణచంద్రరావు మూడో వరసలో కూర్చుని చప్పట్లు కొట్టాల్సి వచ్చింది. ఇత్తడి గంటకే అంత దండ వేస్తే రెండెకరాలకి ఎంత వెయ్యాలి అని ఆ రోజంతా ఆలోచించాడు. అలాగని ఇప్పుడే ఇచ్చేస్తే పొలం చేతిలోంచి పోతుంది. వీలునామా అయితే ఇచ్చినట్టూ ఉంటుంది, చేతిలోనూ ఉంటుంది. ఇంత సుఖమైన దానం ఇంకోటి లేదని ఆయనకి తోచింది.

బడి పెద్ద టీచరు రూతుకి మాత్రం ఈ సంగతి రహస్యంగా చెవిన వేశాడు. ఆమె కళ్ళు మెరిశాయి. "మా షెడ్డు ఓనరు దసరా తర్వాత గోడౌను పెట్టుకుంటానంటున్నారండి. అరవై మంది పిల్లల్ని ఎక్కడ కూర్చోబెట్టాలో తెలీటం లేదు. మీ తర్వాత అంటే..." అని ఆగిపోయింది. ఆ ఆగటాన్ని ఆయన కృతజ్ఞత అనుకున్నాడు.

రేపల్లెలోనే రాయిస్తే ఆ కబురు బాపట్లలో ఎరువుల కొట్టు నడిపే మేనల్లుడు బసవేశ్వరరావుకి సాయంత్రానికల్లా చేరుతుంది. పన్నెండెకరాలూ తనవేనని ఆ మేనల్లుడి నమ్మకం. అందుకే తెనాలి ప్రయాణం.

తెనాలిలో దస్తావేజులు రాసే కొండయ్య వేపకాయంత వెర్రి కూడా లేని మనిషి. సంగతంతా విని, పాళీ ముంచి, గడగడా రాసుకుపోయి, చదివి వినిపించాడు. "నేను వృద్ధుడనై, శరీరబలము నానాటికి క్షీణించుచు, ఏ క్షణమున ఏమగునో తెలియని స్థితియందుండి..."

"ఆగవయ్యా. నాకేం క్షీణించింది? పొద్దున పది ఇడ్లీలు తిని వచ్చాను," అన్నాడు పూర్ణచంద్రరావు.

"తినండి, దానికేం. పాతికేళ్ళ నుంచి ప్రతి వీలునామాకీ ఇదే మొదలండి. ఇది లేకపోతే, ఇంత దిట్టంగా ఉన్నవాడు వీలునామా ఎందుకు రాశాడబ్బా అని రేపు కోర్టులో ప్లీడరు అడుగుతాడు. అప్పుడు చెప్పటానికి మీరుండరు."

ఒక సాక్షిని కొండయ్యే చూశాడు. రెండో సాక్షిగా వరండాలో కూర్చున్న తోమాసు అనే బాపట్ల రైతుని పిలిచారు. తెనాలిలో కొన్న ఇంటిస్థలం కాగితాల కోసం వచ్చి, పిలుపు కోసం ఎదురుచూస్తున్నాడు. మెత్తని మనిషి. వీలునామా మొదటి వాక్యం చదివేసరికే కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు.

"బాబాయిగారూ, ధైర్యంగా ఉండండి," అని చెయ్యి పట్టుకున్నాడు.

"ఈ వీలునామా సంగతి ఎవరికీ చెప్పకూడదు," అన్నాడు కొండయ్య.

తోమాసు బైబిలు మీద ఒట్టేశాడు. ఒట్టు తప్పే మనిషి కాడు. మర్నాడు యూరియా కోసం బసవేశ్వరరావు కొట్టుకి వెళ్ళినప్పుడు, మాటల్లో ఆయన మేనమామ రేపల్లె పూర్ణచంద్రరావేనని తెలిసింది. అప్పుడు కూడా వీలునామా మాట ఎత్తలేదు. పెద్దాయనకి జబ్బు ముదిరిందని, ఏ క్షణమైనా ఏమైనా కావచ్చని మాత్రం చెప్పాడు. దాని మీద ఒట్టేమీ లేదు.

శుక్రవారం పొద్దున బసవేశ్వరరావు బస్సు దిగి, బత్తాయిలు, హార్లిక్సు సీసాతో గుమ్మంలోకి వచ్చాడు. వస్తూనే మేనమామ కాళ్ళ దగ్గర కూర్చుని పట్టటం మొదలెట్టాడు.

"ఏంట్రా ఇది?" అన్నాడు పూర్ణచంద్రరావు.

"నాకంతా తెలుసు మామయ్యా. బుధవారం మిమ్మల్ని తెనాలిలో చూసినవాళ్ళు చెప్పారు."

పూర్ణచంద్రరావు కాళ్ళు వెనక్కి లాక్కున్నాడు. "ఏం చెప్పారు?"

"మీ ఆరోగ్యం సంగతి. అత్తయ్యకి కూడా చెప్పకుండా డాక్టరు దగ్గరికే వెళ్ళుంటారు."

వీలునామా గుట్టు బయటపడలేదన్న ఆనందంలో పూర్ణచంద్రరావు ఒక పెద్ద నిట్టూర్పు విడిచాడు. ఆ నిట్టూర్పు చూసి సుబ్బరత్నమ్మ గోడకి చేరగిలబడింది. కళ్ళజోడని చెప్పి వెళ్ళిన మనిషి పాత కళ్ళజోడుతోనే తిరిగొచ్చిన సంగతి ఆవిడకి అప్పుడు గుర్తొచ్చింది.

"డాక్టరు ఏమన్నాడండి?" అంది.

డాక్టరు లేడంటే, మరి తెనాలి ఎందుకెళ్ళారు అని అడుగుతుంది. దానికి మేనల్లుడి ఎదట జవాబు చెప్పలేడు. "పెద్దగా ఏం లేదన్నాడు," అని నసిగాడు. ఆ నసుగుడుతో జబ్బు ఖాయమైపోయింది.

ఆ పూట నుంచి ఆవకాయ బందు. కాఫీ బందు. మూడు పూటలా బార్లీ జావ. అరుగు మీదికి పోవాలన్నా మేనల్లుడు భుజం పట్టుకుని నడిపించేవాడు. చూసిపోదామని వచ్చినవాళ్ళందరూ, వారం క్రితం ఎలా ఉండే మనిషి ఎలా అయిపోయాడు అని బుగ్గలు నొక్కుకున్నారు. వారం రోజులు జావ తాగేసరికి ఆయన నిజంగానే అలా అయిపోయాడు.

కబురు విని రూతు నిజంగా ఏడ్చింది. ఆమెది మంచి మనసు. రోజూ సాయంత్రం పిల్లల్ని వరసగా నడిపించుకొచ్చి, అరుగు ముందు నిలబెట్టి ప్రార్థన చేయించేది. "ప్రభువా, తాతగారికి నిండు ఆయుష్షివ్వు. మాకు త్వరగా సొంత బడినివ్వు," అని అరవై గొంతులు ఒక్కసారే వేడుకునేవి. ఆ రెండూ ఒకేసారి ఇవ్వటం ఏ దేవుడికైనా ఎలా వీలవుతుందో పూర్ణచంద్రరావుకి బోధపడలేదు. మేనల్లుడు మాత్రం వాళ్ళ మతంలో అలా అడుగుతారు కాబోలని ఊరుకున్నాడు.

ఒకరోజు బసవేశ్వరరావు బజారుకెళ్ళిన సమయం చూసి, తాపీమేస్త్రీ ఎజ్రా టేపు చంకన పెట్టుకుని వచ్చాడు. రూతు ద్వారా సంగతి తెలిసిన బడి కమిటీవాళ్ళు మెరక కొలిచి రమ్మన్నారట.

"కొలతలు బాగానే వచ్చాయండి," అన్నాడు వినయంగా. "నాలుగు గదులు పడతాయి. తమర్నొక మాట అడగొచ్చాండి?"

"అడుగు."

"తమరు ఎప్పటికనుకుంటున్నారండి? తొందరేం లేదండి. వానలు ముదిరాక పునాది తియ్యటం కష్టమని అడిగానంతే."

పూర్ణచంద్రరావుకి కోప్పడదామంటే అందులో తప్పేముందో తెలియలేదు. తన తదనంతరం అని రాసిందీ తనే, మిగతావాళ్ళు ఆ తదనంతరం ఎప్పుడని లెక్క వేసుకుంటున్నారంతే.

ఆ సాయంత్రం ప్రార్థన అయ్యాక, రెండో తరగతి చదివే సరోజ అనే పిల్ల వరస తప్పి మెట్లెక్కి వచ్చింది. కూలికి పోయే పుల్లమ్మ కూతురు. జావగ్లాసు పట్టుకుని సుబ్బరత్నమ్మ, కాళ్ళు పడుతూ బసవేశ్వరరావు అక్కడే ఉన్నారు.

"తాతగారండి, మీరు పోతేనే మాకు బడి వస్తదంటండి," అంది ఆ పిల్ల. "మాకు బడి వద్దులెండి. నేను మా అమ్మతో కలుపుకి పోతాను. మీరు ఉండండి."

పూర్ణచంద్రరావుకి సిగ్గేసింది. అరవై మూడేళ్ళలో అంత సిగ్గు ఎప్పుడూ వెయ్యలేదు. ఆ పిల్ల చేతిలో ఉన్నది ఒక్క బడి. దాన్ని తనకోసం వదిలేస్తానంటోంది. పన్నెండెకరాలున్న తను రెండెకరాలని పోయాక వదుల్తానని రాసి, దానికి దండ కూడా కావాలనుకున్నాడు.

"ఏ బడి మామయ్యా?" అన్నాడు బసవేశ్వరరావు. కాళ్ళు పట్టటం ఆగింది.

పూర్ణచంద్రరావు లేచి నిలబడి, కళ్ళజోడు అబద్ధం దగ్గర నుంచి కొండయ్య వాక్యం దాకా పూసగుచ్చినట్టు చెప్పేశాడు. తనకి ఏ జబ్బూ లేదని, ఉన్న నీరసమంతా జావదేనని కూడా చెప్పాడు.

"మీ మనసు బాగాలేనప్పుడు రాసిన కాగితం చెల్లదు మామయ్యా," అన్నాడు బసవేశ్వరరావు.

"ఇందాకటిదాకా ఒళ్ళే కదరా బాగాలేంది?" అంది సుబ్బరత్నమ్మ. జావగ్లాసు అతని చేతిలో పెట్టి, భర్త వైపు తిరిగింది. "అబద్ధమాడినందుకు మీ సంగతి తర్వాత చూస్తాను. రేపే వెళ్ళి ఆ పొలం ఇప్పుడే వాళ్ళకిచ్చినట్టు రాసి రండి. మీరు పోయేదాకా ఈ పిల్ల కలుపు తియ్యాలా?"

ఆవిడ పెట్టిన ఆవకాయ అన్నం తిని, మర్నాడు పూర్ణచంద్రరావు మళ్ళీ తెనాలి వెళ్ళాడు. కొండయ్య దానపత్రం మొదలెట్టాడు. "నేను సంపూర్ణ ఆరోగ్యవంతుడనై..."

"మొన్ననేగా ఏ క్షణమున ఏమగునో అన్నావు?"

"దానపత్రానికి ఇలాగే మొదలెట్టాలండి. సంతకం పెట్టండి."

దసరా వెళ్ళిన మూడో వారానికి రెండు గదులు లేచాయి. మిగతా రెండూ గోడల దాకా వచ్చాయి. ప్రారంభోత్సవం రోజున సరోజ మొదటి వరసలో పలక పట్టుకుని కూర్చుంది. ఆ పిల్లని చూడగానే పూర్ణచంద్రరావు ఛాతీ నిండిపోయింది. రూతు వేసిన దండ మోకాళ్ళు దాటింది కూడా. అయితే దండ సంగతి ఆయనకి ఆ క్షణంలో నిజంగానే గుర్తు లేదు.

తర్వాత గోడకి బిగించిన రాయి మీద తెర తీశారు. 'స్థలదాత కీర్తిశేషులు పూర్ణచంద్రరావుగారు' అని గుండ్రని అక్షరాలు. పూర్ణచంద్రరావు కళ్ళజోడు తుడుచుకుని ఇంకోసారి చదివి, రాయి చెక్కిన ఎజ్రా వైపు చూశాడు.

"బతికుండగా పొలమిచ్చినవాళ్ళకి నేనెప్పుడూ చెక్కలేదండి. చెయ్యి అలవాటున పోయింది," అన్నాడు ఎజ్రా తల గోక్కుంటూ.

"ఆ ఒక్క మాటా చెరిపెయ్యవయ్యా."

ఎజ్రా రాయిని వేలితో తట్టి, చెవి ఒగ్గి విని, తల అడ్డంగా ఊపాడు.

"చెరిపితే రాయి పగులుద్దండి. ఉంచితే ఎప్పటికైనా పనికొస్తది."