అమ్మిరాజు గారి బుల్లి గ్రేడరు

పూలతిప్ప రోడ్డు వారానికి రెండు వేళ్ల ఎత్తున పెరుగుతోందని తేలినప్పుడు ఊళ్లో ఎవరూ పెద్దగా ఆశ్చర్యపోలేదు. కడియం దాటి కాలవగట్టు వెంట పోతే వచ్చే ఊరది. ఊరు ఊరంతా నర్సరీలే. ఆ నేలలో ఏది పెట్టినా లేస్తుంది. పందిరికని ఎండు గుంజ పాతితే గుంజ చిగురేస్తుంది. దండెం కర్ర పాతితే బట్టలు ఆరేలోపు దానికి మొగ్గ తొడుగుతుంది. అలాంటి చోట రోడ్డొక్కటీ ముడుచుకుని కూర్చుంటుందా?

దానికి తోడు కాంట్రాక్టరు మొహమాటస్తుడు. క్వారీ నుంచి గ్రావెల్ తేవడం దూరమని, కుండీల కోసం ఊళ్లో కలిపి ఉంచిన ఎర్రమట్టి, పశువుల ఎరువు, కొబ్బరిపొట్టు తెచ్చి మందంగా పరిచి, ఎవరూ ఏమీ అనుకోకుండా పైన కాస్త గ్రావెల్ చల్లి వెళ్లాడు. తొలకరి పడగానే రోడ్డు కదిలింది. ఎదురింటి బుల్లెబ్బాయి చిటికెడు మట్టి తీసి వేళ్ల మధ్య నలిపి, "వేరు పట్టేసిందండి, ఇంక ఆగదు" అన్నాడు. ఆ మాట విని అందరూ నిశ్చింతగా ఎవరి పనుల్లో వాళ్లు పడ్డారు.

ఆఫీసుల వాళ్లకే కొంచెం చిక్కొచ్చింది. పెరిగేది కాబట్టి తోటల ఆఫీసుదని రోడ్ల ఆఫీసు, జనం నడిచేది కాబట్టి రోడ్ల ఆఫీసుదని తోటల ఆఫీసు కొన్నాళ్లు ఉత్తరాలు రాసుకున్నాయి. చివరికి ఒప్పందానికి వచ్చారు. పెరుగుతున్న భాగం తోటలవారిది, పెరిగిపోయిన భాగం రోడ్లవారిది. ఆ ప్రకారం తోటల ఆఫీసు నెలనెలా వచ్చి ఎరువు చల్లేది. రోడ్ల ఆఫీసు వచ్చి శిలాఫలకం పెట్టేది. ఇద్దరికీ ఊరివాళ్లు కొబ్బరినీళ్లు ఇచ్చేవారు.

డాబా ఇళ్లవాళ్లకు దీనివల్ల పెద్ద ఇబ్బంది లేకపోయింది. రోడ్డు కిటికీ దాకా రాగానే మీద ఇంకో అంతస్తు వేసుకుని, కింది గదుల్లో పాత సామాను పడేసి, పైకి మారిపోయేవారు. ఏడిద అమ్మిరాజుది మాత్రం పెంకుటిల్లు. దాని మీద అంతస్తు మాట అటుంచి, పిల్లి గట్టిగా దూకినా రెండు పెంకులు జారతాయి.

అమ్మిరాజుకి గులాబీ అంట్ల నర్సరీ ఉంది. దాని మీద శ్రద్ధ అంతంత మాత్రం. ఆయన ప్రాణమంతా పెరట్లో రేకుల షెడ్డు మీదే. పాడైపోయిన మోటార్లు, స్ప్రేయర్లు, చైన్లు అక్కడ ఆయన దయ కోసం ఎదురుచూస్తూ పడి ఉండేవి. ఆయన భార్య సీతారత్నం. నర్సరీని నిజానికి నడిపించేది ఆవిడే, అదీ వీధి అరుగు మీద కూర్చుని. ఆవిడకు మోకాళ్లు అరిగిపోయాయి. నేల మీద నడవగలదు గానీ మెట్టు ఎక్కలేదు. అందుకని రోజంతా అరుగు మీదే ఉండి, చిన్న కవర్లలో మట్టి నింపుతూ, దారినపోయే ప్రతి మనిషినీ ఆపి, "ఏ ఊరు నాయనా? ఎవరి తాలూకు?" అని అడిగేది. వాళ్లు జవాబు చెప్పేలోపే మొహం కేసి చూసి తనే పోల్చేసేది. "ఆ ముక్కు ద్వారపూడి వాళ్లది కదూ" అనేది. తొంభై పాళ్లు తప్పేది కాదు. మొక్కలు కొనడానికి వచ్చినవాళ్లలో సగం మంది ఆ ముచ్చట కోసమే ఆ వీధిన వచ్చేవారని చెప్పుకునేవారు.

రోడ్డు పెరిగి అరుగుకి సమానమైంది. అప్పుడు బాగానే ఉందన్నారు. తర్వాత అరుగు దాటింది. సీతారత్నానికి ముందు జనం నడుములు కనిపించాయి, తర్వాత మోకాళ్లు, ఆ తర్వాత పాదాలు. అప్పటికీ ఆవిడ మానలేదు. పోతున్న చెప్పుల్ని పట్టుకుని, "ఎవరి తాలూకు?" అని అడిగేది. పైనుంచి ఏదో జవాబు వచ్చేది, సగం గాలికి పోయేది.

ఒక సాయంత్రం అన్నం వడ్డిస్తూ, "చెప్పుల్ని బట్టి ఏం పోల్చుకుంటామండీ" అంది. "అందరివీ ఒకే కంపెనీ."

గొంతు మామూలుగానే ఉంది. అమ్మిరాజు మాత్రం కలిపిన ముద్ద కంచంలోనే వదిలేశాడు. పెళ్లయిన దగ్గర్నుంచీ ఆవిడ తనని ఏదీ అడగలేదు, ఇదీ అడగలేదు. ఆవిడ మళ్లీ మనుషుల మొహాలు చూడాలి, అంతే. అది తప్ప ఆయనకి ఇంకేమీ తోచలేదు.

మర్నాడే రోడ్ల ఆఫీసుకి వెళ్లాడు. అక్కడ ఆవరణలో మోటార్ గ్రేడరు ఉంది. పొడుగు మెడ, పొట్ట కింద పెద్ద ఇనప బ్లేడు, నేల మిట్టని గీకి చదును చేసే యంత్రం. దాని సీట్లో ఒక కోడి గుడ్లు పొదుగుతోంది. ఏఈ హరగోపాల్ గారు మర్యాదగా కూర్చోబెట్టి విషయం చెప్పారు. పెరుగుతున్న రోడ్డుని మధ్యలో కోయకూడదట. ఎదిగాక చూద్దామన్నారు. ఎప్పటికి ఎదుగుతుందండీ అంటే, అది తోటలవాళ్లు చెప్పాలన్నారు.

అమ్మిరాజు ఇంటికొచ్చి షెడ్డు తలుపు బార్లా తీశాడు. అందులో రెండు పాత తోట ట్రాక్టర్లు ఉన్నాయి. మొక్కల వరుసల మధ్య కుండీలు లాగే పొట్టివి. ఒకదానికి ఇంజను బాగుంది, వెనక ఇరుసు విరిగింది. రెండోదానికి ఇరుసు రాయిలా ఉంది, ఇంజను ఏనాడో పోయింది. రెండూ కలిపితే ఒక గ్రేడరు అవుతుందని ఆయన లెక్క. ఇంజనున్నది వెనకా, లేనిది ముందూ పెట్టి, మధ్యన లారీ చట్రం ముక్క వేసి వెల్డింగ్ చేయించాడు. బ్లేడుకి లారీ కమాన్ పట్టీలు వాడాడు. బ్లేడు అటూ ఇటూ తిరగడానికి ఎడ్లబండి చక్రం ఇనప పట్టా బిగించాడు. పైకీ కిందికీ లేపడానికి రెండు వైపులా రెండు లారీ జాకీలు పెట్టాడు. సీతారత్నం పక్కన స్టూలు వేసుకుని కూర్చుని పానాలు అందించేది. ఆ ట్రాక్టర్లు రెండూ ఆవిడ తమ్ముడివి కావడం వల్ల, ఏది మొరాయించినా అమ్మిరాజు అత్తవారి వంశాన్ని తిట్టేవాడు. ఆవిడ నవ్వి ఇంకో పానా ఇచ్చేది.

మొదటి రోజు నడిపితే రోడ్డు చదునవలేదు సరికదా, అలలు తేలింది. ముందు చక్రం గుంటలో పడగానే బ్లేడూ దిగబడుతోంది. మిట్ట ఎక్కగానే బ్లేడూ లేస్తోంది. అమ్మిరాజు తల పట్టుకు కూర్చున్నాడు.

సీతారత్నం కాసేపు చూసి, "దాని మెడ పొట్టిగా ఉంది కదండీ" అంది. "అట్ల గరిటె కాడ పొట్టిదైతే చెయ్యి వణికిందల్లా పిండికి తెలిసిపోతుంది. కాడ పొడుగు చెయ్యండి."

చట్రం ఇంకో నాలుగు మూరలు సాగదీశాక గ్రేడరు కుదిరింది. ఎత్తు ఆయన నడుము దాకానే. సీట్లో కూర్చుంటే మోకాళ్లు చెవులకి తగిలేవి. చూసినవాళ్లకి నవ్వొచ్చేది గానీ, పని మాత్రం దివ్యంగా చేసేది. రోజూ పొద్దున్నే బయల్దేరి వీధి చివర నుంచి చివరకి పొర పొరగా గీకుకుంటూ వెళ్లేవాడు. గీకిన మట్టి నర్సరీలవాళ్లు తట్టల్లో పట్టుకెళ్లేవారు. అంత మంచి మట్టి ఎక్కడా దొరకదు మరి.

సీతారత్నానికి మళ్లీ మోకాళ్లు కనిపించాయి. తర్వాత నడుములు. ఒకరోజు పొద్దున్న మొట్టమొదటి మొహం కనిపించింది. అది బుల్లెబ్బాయిది.

"చిక్కిపోయావేంట్రా బుల్లెబ్బాయ్?" అంది ఆవిడ. ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి.

"చిక్కకేం చేస్తానక్కా" అన్నాడు వాడు. "రోడ్డు ఎత్తు చూసుకుని కిటికీ తీసేసి అక్కడ గుమ్మం పెట్టుకున్నాను. బావగారు గీకేశారు. ఇప్పుడు గుమ్మం గాల్లో ఉంది. మా ఆవిడ పొద్దున్న పాలకని బయటికి అడుగేసి, కాలు ఆనక తలుపుకి వేలాడింది."

వాడి తప్పు కూడా లేదు. వీధిలో ఇంచుమించు అందరూ అలాగే వేలాడుతున్నారు. అమ్మిరాజు అంటే అందరికీ ఇష్టమే. అందుకని ఆయన మీద ఫిర్యాదు కూడా ఎంతో గౌరవంగా రాశారు. చివర్లో 'గ్రేడరు మాత్రం చాలా ముద్దుగా ఉంది' అని చేర్చారు.

ఏఈ గారు స్వయంగా వచ్చారు. గ్రేడరు చుట్టూ రెండుసార్లు తిరిగి, జాకీలు తిప్పి చూసి, పసిబిడ్డని చూసినట్టు మురిసిపోయారు. సీట్లో కూర్చుని ఫొటో తీయించుకున్నారు. తర్వాత అరుగు మీద కూర్చుని కాఫీ తాగుతూ సంగతి వివరించారు. పెరిగిన ప్రతి రెండు వేళ్ల మందాన్నీ ఆఫీసు కొత్తగా వేసిన రోడ్డు కింద రాసుకుంటోంది. మరే ఊళ్లోనూ రోడ్డు మీద ఇన్నిసార్లు రోడ్డు పడలేదు. అమ్మిరాజు గీకిందంతా ఇప్పటికే పూర్తయి, ప్రారంభోత్సవం జరిగిన రోడ్డు. దాన్ని తీసేయడం రోడ్డుని దొంగిలించడమే అవుతుంది.

"మరి మా ఇల్లు కిందికి పోతోంది కదండీ" అన్నాడు అమ్మిరాజు.

"అదే చెప్పబోతున్నానండి" అన్నారు ఏఈ గారు నొచ్చుకుంటూ. "వచ్చే ఏడాదికి రోడ్డు మీ కప్పు మీదకి వస్తుంది. అప్పుడు మీ ఇల్లు రోడ్డు కింద ఆక్రమణ అవుతుంది. నోటీసు ఇవ్వాల్సొస్తుంది. మీరేమీ అనుకోకండి, అందరికీ ఇచ్చేదే."

"మేం ముందు నుంచీ ఇక్కడే ఉన్నామండి."

"ఉన్నారండి. రోడ్డే తర్వాత వచ్చింది. కాదనడం లేదు."

ఆయన నిజంగా మంచివాడు. కాఫీ గ్లాసు కింద పెట్టి ఇంకో దారి కూడా చెప్పారు. గ్రేడరుని జప్తు చేయడం ఒక పద్ధతి. ఆఫీసు పనిలోకి తీసుకోవడం రెండో పద్ధతి. తమ గ్రేడరు కోడికి అలవాటైపోయింది కనుక, ఈ రోడ్డు పైభాగాన్ని రోజూ నున్నగా ఉంచే మనిషి ఆఫీసుకి అవసరమే. గీకడానికి వీల్లేదు, సవరించాలంతే. అమ్మిరాజు ఒప్పుకుంటే నోటీసు సంగతి తాను చూసుకుంటారు. కింద ఇల్లు ఉండొచ్చు.

ఆ రాత్రి అమ్మిరాజే మాట ఎత్తాడు.

"నేను కాదంటే పైన ఎవరో ఒకరు తోలతారు రత్నం. లారీలు ఎగిరెగిరి పడతాయి. పెంకులు నీ మీద పడతాయి. మనింటి మీద పరాయివాడు తోలే బదులు నేను తోలడమే నయం కదూ?"

"నయమేనండి" అంది సీతారత్నం. "మెల్లగా తోలండి."

అలా కుదిరింది. కప్పు కింద ఇనప దూలాలు వేయించారు. రోడ్డు దూలాల మీదుగా సాగిపోయింది. ఇంటికి గుమ్మం బదులు ఒక మూత, మూత కింద నిచ్చెన ఏర్పడ్డాయి. నిచ్చెన ఎక్కడం ఆవిడ వల్ల కాదు. అందుకని అమ్మిరాజే పొద్దున్న పైకెళ్లి, సాయంత్రం దిగేటప్పుడు మొహాలు తెచ్చేవాడు. "ఇవాళ ఒకావిడ వచ్చింది. కోల మొహం, ఎడం బుగ్గ మీద పుట్టుమచ్చ, నవ్వితే చిగుళ్లు కనిపిస్తున్నాయి" అనేవాడు. "అయితే రాజానగరం వాళ్ల పిల్ల" అనేది ఆవిడ, కవరులో మట్టి నింపుతూ. ఎంత సంతోషపడేదో చెప్పలేం. ఆవిడ పడుకునే గది మీదకి వచ్చేసరికి ఆయన ఇంజను తగ్గించి, బ్లేడు ఒక వెంట్రుక వాసి పైకెత్తేవాడు. కింద ఆవిడకి తెలిసేది.

పని బాగా కుదిరింది. రోడ్డు మధ్యలో కొంచెం ఎత్తు, అంచుల వైపు వాలు ఉంటే నీళ్లు నిలవవని ఏఈ గారు చెప్పారు. ఆ వాలు మీద అమ్మిరాజుకి చూపు పడింది. ఎక్కడ చారెడు మట్టి ఎక్కువుందో, ఎక్కడ గవ్వంత గుంట పడిందో దూరం నుంచే పట్టేసేవాడు. ఊళ్లన్నీ చూసొచ్చినవాళ్లు ఇలాంటి రోడ్డు లేదన్నారు. ఆయన ఛాతీ ఉబ్బేది. ఎవరైనా పొగిడితే దిగి నమస్కారం పెట్టేవాడు.

ఒక సాయంత్రం కారు ఒకటి వచ్చి ఆగింది. ఒక కుర్రాడు దిగి అటూ ఇటూ వెతికాడు.

"ఇక్కడ పెంకుటిల్లు ఒకటి ఉండాలండీ. అరుగు మీద ఒకావిడ కూర్చునేవారు. చిన్నప్పుడు మా నాన్నతో మొక్కలకి వచ్చినప్పుడు నా గడ్డం పట్టుకుని, 'మీ తాత నోట్లోంచి ఊడిపడ్డావురా' అనేవారు. ఆవిడకి ఒకసారి కనపడదామని వచ్చాను. ఎక్కడికెళ్లారు?"

"ఎక్కడికీ వెళ్లలేదండి, ఇక్కడే ఉన్నారు" అని అమ్మిరాజు రోడ్డు కేసి చూపించాడు.

కుర్రాడు కిందికి చూశాడు. "అలాగా అండి" అన్నాడు. ప్రతి ఊళ్లోనూ వినే మాటలాగే విన్నాడు పాపం. "రోడ్డు మాత్రం చాలా బాగుందండీ" అని కారెక్కి వెళ్లిపోయాడు.

అమ్మిరాజు సంబరంగా మూత తీసి నిచ్చెన దిగాడు. జరిగిందంతా చెప్పాడు. సీతారత్నం చేతిలో కవరు పక్కన పెట్టేసింది. ఇన్నాళ్లకి తన కోసం ఒకడు వెతుక్కుంటూ వచ్చాడు. ఆవిడ మొహం దీపం పెట్టినట్టయింది.

"ఎవరి తాలూకో నేను చెప్పేస్తానుండండి. మొహం ఎలా ఉంది? ముక్కు కొంచెం వంకరా? కనుబొమలు కలిశాయా?"

అమ్మిరాజు గుర్తు తెచ్చుకోబోయాడు. కారు ఆగిన చోట మట్టి కాస్త నొక్కుకుపోవడం గుర్తుంది. టైర్ల అచ్చు గుర్తుంది. కుర్రాడి బూట్ల మడమ దిగిన చోట పడ్డ చిన్న గుంట, దాన్ని పొద్దున్నే సవరించాలనుకోవడం గుర్తుంది. ఎంత వెతికినా మొహం రాలేదు. నిన్నటి వాళ్లదీ రాలేదు. మొన్నటిదీ రాలేదు. ఈమధ్య కొన్నాళ్లుగా తను చెబుతున్న ముక్కులూ పుట్టుమచ్చలూ ఎక్కడివో ఆయనకే తెలియలేదు.

"చూళ్లేదే రత్నం" అన్నాడు. "రోడ్డు చూస్తున్నాను."

ఆవిడ కవరు మళ్లీ ఒళ్లోకి తీసుకుంది.

"పోనీలెండి" అంది. "రోడ్డెలా ఉందో చెప్పండి."

అమ్మిరాజు పక్కన కూర్చుని, వీధి మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టాడు. ఆవిడ మట్టి నింపుతూ శ్రద్ధగా విన్నది.